మాస్టారి సంతకం

"సన్నటి శబ్దాలు చచ్చిపోయాయమ్మా. సంతకం పెట్టలేను," అన్నారు మాస్టారు, హెడ్‌ఫోన్స్ తీస్తూ. ఆయన చెవి ఒప్పుకోనిదే శబ్దాలను లెక్కగట్టి సరిదిద్దే ఏ ఈక్వలైజరూ కంపెనీ గడప దాటదు. ఎదురుగా కూర్చున్న ఇంజనీరమ్మాయి డిజైన్‌ను ఆయన తిప్పికొట్టడం ఇది నాలుగోసారి.

పాత ఈక్వలైజర్ చేసే లెక్కల్లో సగంతోనే అంతే కచ్చితమైన శబ్దం రావాలని ఆమె ఆరు నెలలు కష్టపడింది. కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. సాయంత్రంలోగా సంతకం పడకపోతే ప్రాజెక్టు అటకెక్కుతుంది.

"ఇంకొక్కసారి వినండి మాస్టారూ," అంటూ చెప్పకుండా పాతదాన్ని పెట్టింది. ఇరవై ఏళ్ల కిందట ఆయనే స్వయంగా తయారుచేసినది.

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "అబ్బే, అదే లోపం."

ఆమెకు ఒళ్లు మండింది. "ఇది మీదే!" అనబోయి ఆగిపోయింది. ఆయన వాల్యూమ్ చివరిదాకా పెంచి, హెడ్‌ఫోన్స్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకుంటున్నారు. సన్నటి శబ్దాలు ఆయనకు వినపడటమే మానేశాయని అప్పుడు అర్థమైంది.

మాస్టారు కళ్లు తెరిచి ఆమె ముఖం చూశారు.

"ఇప్పుడు పెట్టింది నాదే కదూ?"

ఆమె తల వంచుకుంది.

ఆయన ఆమోదపు కాగితం లాక్కుని సంతకం పెట్టారు. హెడ్‌ఫోన్స్ ఆమె చేతిలో పెట్టారు.

"ఇకనుంచి వినే పని కూడా నీదే తల్లీ."