ఒకే బటన్

సమాధానపడదామని వెళ్లి, నీ సహోదరుణ్ణి గాయపరచి వచ్చిన రోజు నీకు లేదా?

కంప్యూటర్లో ఆడే ఒక రోల్‌ప్లేయింగ్ గేమ్‌ను అన్న తయారుచేశాడు. దాన్ని టీవీకి తగిలించే కన్సోల్‌లోకి తెచ్చే పని తమ్ముడిది. కీబోర్డుకు నూరు మీటలుంటే, చేతిలో పట్టుకునే కంట్రోలర్‌కు పదో పన్నెండో బటన్లు. ఇరుకు ద్వారమంటే అదే.

ఒక సాయంత్రం అన్న ఆ కన్సోల్ ఆటను ఆడి చూస్తున్నాడు. ఆటలో వీరుడు ఏళ్ల తర్వాత ఇల్లు చేరాడు. గుమ్మంలో వీరుడి తమ్ముడు నిలబడి ఉన్నాడు. నాలుగడుగుల దూరం నుంచే, పలకరిద్దామని అన్న బటన్ నొక్కాడు. కత్తి లేచింది. గుమ్మంలో వాడు కూలిపోయాడు.

అన్న, గది అవతలి మూల కూర్చున్న తన తమ్ముడికి ఫోన్‌లో మెసేజ్ కొట్టాడు: "నిక్షేపంలాంటి ఆటను కుక్క చింపిన విస్తరి చేశావు కదరా."

తమ్ముడు అది చదివి, ఇక ఈ పని వద్దనుకుని సంచి భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు.

"అది తప్పు కాదన్నయ్యా. బటన్లు చాలక రెండు పనులూ ఒక్కదానికే పెట్టాను. దూరం నుంచి నొక్కితే వీరుడు కత్తి తీస్తాడు. దగ్గరికెళ్లి నొక్కితే మాట్లాడతాడు."

అన్న ఫోన్ వంక చూశాడు. ఒకే గదిలో ఉంటూ నెలల తరబడి తమ్ముడికి పంపిన మెసేజ్‌లన్నీ అందులో ఉన్నాయి. కుర్చీ వెనక్కి నెట్టి తలుపు దాకా నడిచాడు.

"కూర్చోరా," అన్నాడు.

కానుకను బలిపీఠం ముందే విడిచి సహోదరుని దగ్గరకు వెళ్లమన్నాడు ప్రభువు. కబురు పంపమనలేదు. ఆ ఫోన్ కింద పెట్టు. పొద్దు గుంకకముందే, ఈరోజే, లేచి వెళ్లు.