మతిమరుపు మిషన్

ఆ పొద్దున ఆకాశం మబ్బేసుకొని ఉంది. చినుకు మాత్రం లేదు. ముందటి గదిలో నరేశ్ స్విచ్ వేశాడు. పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్ కంప్యూటర్ బుయ్యిమని లేచింది. నీలం తెర మీద మూడు బాణం గుర్తులు చూపించి ఆగిపోయింది.

"మళ్ల మరిచిందా అన్నా?" అంది చెల్లెలు వర్షిత.

"మరిచింది. నిన్న చెప్పినయన్ని పోయినయ్."

అది చిన్న సంగతి కాదు. ఆ మిషన్‌కు లైనక్స్ ఎక్కించాలంటే ముందు దాన్ని నిద్రలేపే ఫర్మ్‌వేర్ అనే లోపలి ప్రోగ్రాంకు అన్నీ చెప్పాలి. ఇవాళ తారీఖు ఏది, ఏ డిస్కు చూడాలి, కరెంటు రాగానే ఎవరూ ముట్టకుండా ఎట్లా లేవాలి. చెప్పిందాన్ని అది గుర్తు పెట్టుకోవాలి.

దేవరకొండలో కంప్యూటర్ సెంటర్ నడిపే స్నేహలత మేడం, కల్వకుర్తిలో పెండ్లికి పోతూ ఇవాళ ఇక్కడ ఆగుతానంది. ఫోన్లోనే ఖరాఖండిగా చెప్పింది: "మా దగ్గర గడియకోసారి కరెంటు పోతది తమ్మీ. ప్లగ్గు పీకి మళ్ల పెడత. దానంతట అది లేస్తే మిషన్‌కు మా ల్యాబుల జాగా, నీకు నౌకరి. లేవకుంటే రెండూ వద్దు."

డిగ్రీ అయ్యాక నరేశ్‌కు వచ్చిన పిలుపు ఇదొక్కటే.

అతను డబ్బా మూత తీశాడు. బోర్డు మూలన రూపాయి బిళ్ళంత సెల్లు ఉంది. కరెంటు లేనప్పుడు చెప్పినవన్నీ గుర్తుంచేది అదే. ఊడదీసి నాలుకకు ఆనించాడు.

"చప్పగుంది. సచ్చింది గిదే."

బండి తాళం తీసుకొని వాకిట్లోకి నడిచాడు. తల్లి అండాలు వంటింట్లోంచి తల బయట పెట్టింది.

"దేవరకొండకు పోతున్నవా బిడ్డా? ఉల్లిగడ్డలు తే. నా చెప్పు కుట్టియ్యి. గట్లనే నా షుగర్ మిషన్ సంగతి గూడ జర సూడు. మొకం నల్లగ పెట్టుకొని నెలైతాంది."

"ఆఁ" అన్నాడు నరేశ్ కిక్కు కొడుతూ.

"నెలసంది ఆఁ అంటనే ఉన్నడు" అని వర్షిత నవ్వింది.

తిరిగొచ్చినప్పుడు అతని చేతిలో ఉల్లిగడ్డలు లేవు. తెగిన చెప్పు గడప పక్కన ఎట్లున్నది అట్లే ఉంది. జేబులో మాత్రం ఒక కొత్త సెల్లు ఉంది. దాన్ని డబ్బాలో పెట్టి, చెప్పాల్సినవన్నీ మళ్లీ చెప్పాడు. ప్లగ్గు పీకాడు. పెట్టాడు. మిషన్ బుయ్యిమంది. బాణాల దగ్గర ఆగలేదు. తనంతట తనే లైనక్స్ సీడీ వెతుక్కొని గిర్రున తిప్పింది.

"లేసింది!" వర్షిత చప్పట్లు కొట్టింది.

మళ్లీ పీకాడు. మళ్లీ లేచింది. నరేశ్ దాన్ని ఆపి, ప్లగ్గు తీసి, వేడి తగ్గాలని మూత పెట్టకుండానే వదిలేసి స్నానానికి పోయాడు.

తల తుడుచుకునేలోపే వాకిట్లో కారు ఆగింది. మేడం పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకొని లోపలికి వచ్చింది. అండాలు కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది.

"ఏది తమ్మీ, నీ పహిల్వాన్?"

"మీరే పెట్టండి మేడం ప్లగ్గు."

మేడం పెట్టింది. బుయ్యిమంది. నీలం తెర. మూడు బాణాలు. ఆగిపోయింది.

నరేశ్ కీబోర్డు లాక్కున్నాడు. "ఒక్క నిమిషం మేడం." గబగబా అన్నీ కొట్టాడు. లేచింది. మేడం చాయ్ కప్పు కింద పెట్టి, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది.

మూడు బాణాలు.

"గిది మిషనా, మా అత్తనా?" అంది మేడం. "ఆమె గూడ గింతే. తిని చెయ్యి కడుక్కొని, తిన్ననా అని నన్నే అడుగుతది."

నరేశ్ డబ్బా మీదికి వంగాడు. సెల్లును వేలితో నొక్కి చూశాడు. గట్టిగానే కూర్చుంది. కొత్తది కదా అని నాలుకకు ఆనించలేదు.

"సెల్లు ఇయ్యాల్నే ఏసిన మేడం. అయితే ఇగ బోర్డే పోయినట్టుంది."

"బోర్డే పోతే ఇంకేమున్నది తమ్మీ." మేడం లేచింది. "ఏమనుకోకు. వేరే పిలగాణ్ని సూసుకుంటం."

కారు పోయింది. మబ్బు అట్లనే ఉంది.

మధ్యాహ్నం ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. జొన్న రొట్టె, పచ్చిపులుసు. అండాలు కొంగుతో వేలు తుడుచుకొని సూది గుచ్చుకుంది. ఆమె అరచేతిలో ఏదో కుయ్‌మంది.

నరేశ్ తలెత్తాడు. నెల రోజులుగా నల్లగా ఉన్న షుగర్ మిషన్ మీద అంకెలు వెలుగుతున్నాయి.

"అమ్మా, అదెట్ల నడుస్తాంది?"

"ఎట్లేంది బిడ్డా, నువ్వు సెల్లు తెచ్చినవు గద." అండాలు కూతురి వైపు తిరిగింది. "మరిచిండు మరిచిండని ఎక్కిరిస్తివి గద! నా కొడుకు తెచ్చుడే గాదు, నడుస్తదో లేదో అని ముందుగాల తన డబ్బల పెట్టి సూసిండు. ఆడు తానం చేస్తుంటే నేనే తీసి గిండ్ల ఏసుకున్న. రెండూ ఒక్కతీరుగనే ఉన్నయ్. జాగా ఉత్తగ ఉంచుడెందుకని నా పాతది ఆడ పెట్టిన."

వర్షిత అన్న ముఖం చూసింది. నరేశ్ రొట్టె తుంచి పులుసులో ముంచాడు. ముగ్గురూ తిన్నారు.