ఎర్రనాచు చేదు

సముద్రపు ఒడ్డున రాళ్ల మధ్య ఒక నీటిగుంటలో తల్లిపీత ఉండేది. దాని పొట్ట కింది గుడ్లకు కుళ్లు పట్టింది. కంటికి కనపడని క్రిములు వాటిని నల్లగా మార్చేస్తున్నాయి. పక్కనే రాయిని పట్టుకుని పెరిగిన ఎర్రనాచు మీద మాత్రం ఒక్క మచ్చ లేదు.

"దాని ఒంట్లో చేదుంది వదినా, క్రిములు దరిదాపులకు రావు" అంది నత్త.

నాచును అడగడం పీతకు నామోషీ. మాటామంతీ లేకుండా ఓ కొమ్మ తెంపుకొచ్చి గుడ్లకు చుట్టింది. తెల్లారేసరికి ఆ కొమ్మే కుళ్లింది, ఇంకొన్ని గుడ్లు పోయాయి. మళ్లీ కత్తెరకాళ్లు చాచుకుంటూ వచ్చిన పీతను చూసి నాచుకు ఒళ్లు మండింది.

"ఆగవే! పారిపోవడానికి నీకు కాళ్లున్నాయి, నాకేమున్నాయి? మీద పడ్డ ప్రతి క్రిమితోనూ ఉన్నచోటే కొట్లాడి తయారుచేసుకున్న చేదు ఇది. నేను బతికున్నంతసేపే ఊరుతుంది. తెంపుకుపోతే నీకు దక్కేది చెత్తే."

"మరి నా పిల్లలో?" అంటూ పీత చాచిన కత్తెరకాళ్లు దించేసింది.

"వాళ్లను తీసుకుని నువ్వే వచ్చి నా కొమ్మల్లో కూర్చో. నన్ను కొరికే చేపల్ని తరుము."

పీత లోపలికి దూరి, కత్తెరకాళ్లు బయటికి తిప్పి కూర్చుంది. పోయిన గుడ్లు పోయాయి. మిగిలినవన్నీ పిల్లలయ్యాయి.