మాట మీది, చేతిరాత మాది

"గా ఒక్క లైను తీసెయ్యి నవనీతా," అన్నాడు రాజం, కలానికి మూత పెట్టేస్తూ.

కోడలు నవనీత ఫోన్‌లోంచి తలెత్తి చూసింది. ఆయన తీసెయ్యమంటున్నది ‘మాట మీది, చేతిరాత మాది’ అన్న లైను. వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరవగానే ముందు కనిపించేది అదే. మూడు నెలల కింద కరీంనగర్‌లో తమ ఇంటి ముందుగదిలో బల్ల వేసి, ఈ ఉత్తరాల పని మొదలుపెట్టింది ఆమే. చెప్పదలుచుకున్నది జనం వాట్సాప్‌లో పంపుతారు. రాజం దాన్ని సిరాకలంతో, గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాస్తాడు. నవనీత కవర్లో పెట్టి పోస్టు చేస్తుంది. మామ రాస్తుండగా తీసిన వీడియోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినప్పటి నుంచి బెంగళూరు, పుణె నుంచి కూడా అడుగుతున్నారు.

"గా లైన్ చూసే కదా మామా, నమ్మి అడుగుతుండ్రు. ఎందుకు తీసుడు?"

రాజంకు పొద్దున వచ్చిన వాయిస్ మెసేజ్ ఇంకా చెవిలోనే ఉంది. మనవరాలి ఫోన్‌లో రాజన్నను చూసి గుర్తుపట్టానని, పదకొండు గంటలకల్లా వేములవాడ బస్సు దిగుతానని, తనకూ ఒక ఉత్తరం రాసివ్వాలని ఒక ఆడమనిషి చెప్పింది. పేరు చెప్పకముందే గొంతు పోల్చుకున్నాడు. లస్మవ్వ.

ఆ గొంతు తెలిసింది ఎన్నో ఏళ్ల కింద, రాజం వేములవాడ పోస్టాఫీసు వరండాలో, నీలం ఎయిర్‌మెయిల్ కాగితాలు ఒళ్లో పెట్టుకొని అడిగినవాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టిన రోజుల్లో. లోపల టపటపా ముద్దరలు కొట్టే చప్పుడు, జిగురు వాసన, బయట దుబాయ్ పోయినవాళ్ల భార్యలు. చదువు రానివాళ్లంతా ఆయన ముందు కూర్చొని చెప్పుకునేవారు. లస్మవ్వ నెలకోసారి వచ్చేది. చెప్పినవన్నీ తిట్లే. తమ్ముని పెండ్లికి రానోడు ఇగ ఇంటికే రావద్దని రాయమనేది. ఆమె భర్త కొమురెల్లి అక్కడ పదిమంది పడుకునే గదిలో ఒక మూలకు తిరిగి ఆ ఉత్తరం చదువుకోవడం రాజం కళ్లకు కట్టేది. చెయ్యి ఆడేది కాదు. తిట్టు చోట వాన పడిందని రాసేవాడు. రావద్దన్న చోట, మీరు పెట్టిన జామచెట్టు కాసిందని రాసేవాడు. ఆమెకు చదివి వినిపించేటప్పుడు మాత్రం ఆమె తిట్లు ఒక్కటీ పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. ఆరేళ్లు అట్లాగే నడిపాడు. చేతిరాత ఒక్కటే ఆయనది కావలసింది, మాట కూడా ఆయనదే అయింది.

లస్మవ్వ చెప్పిన వేళకే వచ్చింది. జుట్టు నెరిసింది గానీ నడకలో ఆ విసురు అట్లాగే ఉంది. కుర్చీ వద్దని గోడకు ఆనుకొని కింద కూర్చుంది, ఆ రోజుల్లో వరండాలో కూర్చున్నట్టే. రాజం కూడా బల్ల మీది అట్ట తీసుకొని ఎదురుగా కింద కూర్చున్నాడు.

"కొమురెల్లి ఎట్లున్నడు చెల్లె?"

"గాయినకే రాయాలె ఉత్తరం."

"మల్ల దుబాయ్ పోయిండా?"

"యాడికి పోతడు? వచ్చి పదేండ్లాయె, ఇంట్లనే ఉన్నడు. ఇరవై దినాల సంది నాతోని మాట్లాడుతలేడు."

కొమురెల్లి దుబాయ్ నుంచి తెచ్చుకున్న టేప్ రికార్డరు ఎప్పుడో పాడైపోయింది. అటక ఖాళీ చేస్తూ లస్మవ్వ దాన్ని పాత సామానువాడికి ఇచ్చేసిందట. ఆనాటి నుంచి మనిషి నోరు విప్పడం లేదు. ఏదైనా చెప్పబోతే లేచి బయటికి పోతున్నాడు.

"ఉత్తరమైతె సదువుతడు. అప్పట్ల నీ చేత్తోని రాసినయి అన్నీ దాసుకొని ఇంటికి తెచ్చుకున్నడు," అంది లస్మవ్వ.

రాజం గొంతు సవరించుకున్నాడు. "చెల్లె, అప్పటి ఉత్తరాల గురించి నీకొక మాట చెప్పాలె."

"అప్పటి ముచ్చట ఇప్పుడెందుకు? బస్సుకు పోవాలె. రాయి."

చెప్పడం మొదలుపెట్టింది. పనికిరాని డబ్బా కోసం పెండ్లాంతో మాట బంద్ చేసినోడు మొగుడేనా అని రాయమంది. ఇట్లనే ఉంటే తమ్మునింటికి పోతానని, వచ్చి కాళ్లు పట్టుకున్నా తిరిగి రానని రాయమంది. తలుపు దగ్గర నిలబడ్డ నవనీత నవ్వాపుకుంది.

ఈసారి చెప్పింది చెప్పినట్టే రాయాలనుకున్నాడు రాజం. కోడలు నలుగురికీ మాట ఇచ్చి కూర్చుంది. కానీ ‘మీకు’ అని రాసేసరికి కలం పాత దారి పట్టింది. టేప్ రికార్డరు ఇచ్చేయడం తన పొరపాటేనని రాశాడు. మీరు పక్క మంచం మీదే ఉన్నా మళ్లీ దుబాయ్ పోయినట్టే ఉందని, అప్పుడు ఉత్తరాలైనా వచ్చేవని రాశాడు. రాస్తుంటే ఆయన కళ్లే చెమ్మగిల్లాయి.

"సదువు, నేను వింట," అంది లస్మవ్వ.

కాగితం తన వైపు తిప్పుకొని, లేని తిట్లన్నీ చదివాడు రాజం. తమ్ముని ఇల్లు, కాళ్లు పట్టుకునుడు, ఏదీ వదల్లేదు. లస్మవ్వ ప్రతిదానికీ తల ఊపింది. గట్లనే, గట్లనే అంది. చదవడం అయ్యాక ఊపిరి పీల్చుకొని కాగితం మడవబోయాడు.

ఆమె చెయ్యి చాపి తీసుకుంది. కిటికీ వెలుతురులో దూరంగా పట్టుకుంది. పెదవులు కదుపుతూ ఒక్కో లైను మీద వేలు జరుపుకుంటూ చివరిదాకా పోయి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మంచం కాడ సున్న పెట్టలే రాజన్నా," అంది మెల్లగా. "అప్పటి ఉత్తరాలల్ల సుత గిట్లనే మరిచేటోనివి."