రెండు శాతం

“ఆగు, ఆగు! అది నొక్కకు!”

లిఫ్టు మెకానిక్ సబ్బు నురగ చేతులతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. ఏడో నెల పొట్టతో భోజనాల బల్ల దగ్గర కూర్చున్న అతని భార్య, ఫోను మీదికి చాచిన వేలు వెనక్కి తీసుకుంది.

“ఉయ్యాలే కదా కొంటున్నాను. కొంపలు మునిగినట్టు ఎందుకా కేకలు?”

“ఉయ్యాల వద్దని ఎవరన్నారు? ఏ సైటులోంచి వెళ్తున్నావో చూడు. మళ్ళీ ఆ పాతదే!”

ఆన్‌లైన్ దుకాణానికి నేరుగా పోకుండా ఏదో ఒక క్యాష్‌బ్యాక్ సైటు మీదుగా వెళ్తే, పెట్టిన డబ్బులో కొంత వెనక్కి వస్తుంది. ఈ కిటుకు పెళ్ళయిన కొత్తలో అతనికి నేర్పింది ఆమే. ఇప్పుడు శిష్యుడు గురువును మించిపోయాడు. అతని ఫోనులో అలాంటివి ఆరున్నాయి. ఈ వారం ఏ దుకాణానికి ఏ సైటు ఎంత ఇస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆమె మాత్రం తన మొదటి సైటును వదిలితే ఒట్టు.

“నీది రెండు శాతం. నాది ఎనిమిది. ఉయ్యాల, పరుపు, దోమతెర అన్నీ కలిపితే ఆ తేడాతో పది రోజుల డైపర్లు వస్తాయి.”

“నాకు రెండు చాలు.”

“ఎందుకు చాలు?”

“అలవాటు.”

“అలవాటుకి ఆరు శాతం నష్టమా!”

అతను చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఇవాళ అటో ఇటో తేల్చుకోవాల్సిందే.

“పైగా అది ఎంత సిగ్గులేని సైటో తెలుసా? నిబంధనలన్నీ చదివాను. నువ్వేం కొన్నా, నిన్నందులో చేర్పించిన మనిషికి వాటా వెళ్తుంది. ఏ రకం సరుకు కొన్నావో మెసేజ్ కూడా వెళ్తుంది. ఎవరు చేర్పించారు నిన్ను? నువ్వు పనిచేసిన బ్యాంకులో ఎవరో అయ్యుంటారు.”

ఆమె ఫోను తెర మీది మరకను కొంగుతో తుడిచింది.

“చూశావా! నువ్వు బ్యాంకు మానేసి నాలుగేళ్ళు. వాడెవడో ఇంకా హాయిగా కూర్చుని నువ్వు కొనే కేకు అచ్చుల మీద వాటా తింటున్నాడు.”

“తిననివ్వండి. చిల్లరే కదా.”

అతనికి అంతుబట్టనిది ఇంకోటుంది. పొదుపు పొదుపు అంటూనే ఆమె అక్కర్లేనివి కొనేది. అలమరలో పన్నెండు అచ్చులు ఉండగా పదమూడోది వచ్చింది. పోయినేడు వారం రోజులు జ్వరంతో పడి, తగ్గిన రోజు లేచి కూర్చుని, గంజి కూడా తాగకుండా ముందు చెంచాల సెట్టు కొంది. ఆ చెంచాల డబ్బా ఇప్పటికీ విప్పలేదు.

“సరే, డైపర్లు వదిలెయ్,” అన్నాడు. “డాక్టరమ్మ ఏమంది? కాన్పు అయ్యేదాకా ఇంట్లో పెద్దవాళ్ళు ఉండి తీరాలంది. మా వైపు ఎవరూ లేరు. మీ వైపు ఉండీ లేరు. జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలంటే ప్రతి పైసా లెక్కే. పోనీ, మీ నాన్నకి ఒక్క ఫోను చెయ్యనా?”

“వద్దు. ఇక చెయ్యనని ఒట్టేశారు నాకు.”

“వేశాను, బుద్ధి లేక!”

బ్యాంకు ఉద్యోగం మానేసి కేకులు చేసి అమ్ముతానన్నప్పుడు ఆమె తండ్రి, “మానేస్తే నాతో మాట్లాడకు,” అన్నాడు. ఆమె ఉద్యోగమూ మానేసింది, మాటలూ మానేసింది. ఆయన పెళ్ళికి రాలేదు, భార్యనీ రానివ్వలేదు. అల్లుడు రెండుసార్లు ఫోను చేస్తే “రాంగ్ నంబర్” అని పెట్టేశాడు. తండ్రీకూతుళ్ళిద్దరిదీ ఒకటే తంతు, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆయన మాట ఎత్తితే ఆమెకి కళ్ళనిండా నీళ్ళు తిరుగుతాయి, పంతం మాత్రం దిగదు.

“వాళ్ళ గడప తొక్కమనడం లేదు,” అతను బతిమాలాడు. “కడుపుతో ఉన్నావని చెబుతానంతే.”

“నా తరఫున మీరు ఎవర్నీ దేబిరించొద్దు. ముందు మాట్లాడేది ఆయనే కావాలి.”

“ఆయన అక్కడ అచ్చంగా ఇదే అంటూంటాడు. మధ్యలో నలిగేది నేను!”

అతను తలపట్టుకునేలోగా ఆమె వేలు ఫోను మీద పడింది.

“కొనేశాను.”

“రెండు శాతానికేనా?”

“రెండు శాతానికే.”

ఇక చెప్పి లాభం లేదని అతను మళ్ళీ గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం ఫోను తెర ఆరిపోయాక కూడా దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చుంది.

సాయంత్రం ఆమె కేకు పిండి కలుపుతుంటే ఫోను మోగింది. చేతులకి పిండి ఉందని అతనే తీసి స్పీకర్లో పెట్టాడు. అవతలి గొంతు హలో అనలేదు, బాగున్నావా అనలేదు.

“ఎన్నో నెల?”

ఆమె ఫోను మీదికి వంగింది.

“ఏడు, నాన్నా.”

“మీ అమ్మ అప్పుడే పెట్టె సర్దేసింది. పొద్దున బస్సుకి వస్తున్నాం.”

అంతే, పెట్టేశాడు. ఆమె పిండి చేతులతోనే మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. భర్తకి సంతోషం ఒకపక్క, భయం ఒకపక్క.

“నీ మీద ఒట్టు, నేను చెప్పలేదు! నువ్వూ మాట్లాడలేదు. మరి ఆయనకెలా తెలిసింది?”

ఆమె కళ్ళు తుడుచుకుంది.

“నన్ను ఆ సైటులో చేర్పించింది నాన్నేనండీ.”