పదిహేను అంగుళాలు

"అమ్మా, ముందు టైరు రాసుకుంటోంది."

అక్క హెల్మెట్ తీస్తూ తిరిగి చూసింది.

ఎవరో పెద్దాయన. కారు పక్కన గొంతుక్కూర్చుని, చక్రం పైనున్న రేకు లోపలికి వేలు పోనిచ్చి తీశాడు. వేలినిండా నల్లటి రబ్బరు పొడి.

"స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా లోపల గీసుకుంటోంది. ఈ పదిహేడు అంగుళాల చక్రాలు ఈ కారుకి ఎక్కువమ్మా."

అక్క హెల్మెట్ సీటులో పెట్టింది.

అది తమ్ముడి కారు. రెండే సీట్లు. ఖాళీ మైదానంలో కోన్లు నిలబెట్టి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ ఒక్కొక్కరుగా నడిపే పోటీ ఇది. ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్లదే గెలుపు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బోర్డు మీద తన కారు నంబరు పైవరుసలో చూసుకోవాలని తమ్ముడికి ఉండేది. చూడకుండానే పోయాడు. నెలన్నర అయింది.

కారు నడపడం అక్కకి నేర్పింది వాడే. ఆమె పోటీకి రావడం మాత్రం ఇదే మొదలు. ఇదే ఆఖరు కూడా. రేపు ఉదయం కారు కొన్నవాళ్లు వచ్చి తీసుకెళ్తారు.

మూడు అవకాశాల్లో ఒకటి అయిపోయింది. బోర్డు మీద ఆమెది మూడో వరుస.

"నాదీ ఇదే రకం కారు. నా దగ్గర పదిహేను అంగుళాలవి ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో మార్చేస్తాను."

"వద్దండీ."

"ఇక్కడన్నీ మలుపులే కదమ్మా. పెద్ద చక్రం బరువు. ఊపందుకునేలోపే ఇంకో మలుపు వచ్చేస్తుంది. చిన్నదైతే తొక్కగానే లేస్తుంది."

"ఇవి మా తమ్ముడు ముచ్చటపడి కొనుక్కున్నవి. బిగించుకోకుండానే మంచాన పడ్డాడు. ఇవాళ వీటిమీదే నడుపుతాను."

పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

పక్కనే ఎర్రకారు కుర్రాడు, ఈ ఏడాదే పోటీల్లో చేరినవాడు, బానెట్ మీద మోచేతులు ఆనించి నవ్వాడు.

"ఆయన మాట వినకండి మేడమ్. ఆఖరాయన అంటాం మేమంతా. ఏ ఆదివారం చూసినా పట్టికలో అట్టడుగునే. వారానికో సైజు వేసుకొస్తాడు, వారం వారం ఓడిపోతాడు. ఈత రానివాడు లోతు చెప్పినట్టుంటుంది!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఈ ఏడాది మీరెన్నిసార్లు గెలిచారండీ?" అంది అక్క.

"ఒక్కసారీ లేదమ్మా."

"మరి నాకెందుకు చెబుతున్నారు? పోయినవాడి చక్రాలు విప్పెయ్యమనడానికి మీకు నోరెలా వచ్చింది?"

మాట గట్టిగానే వచ్చింది. నవ్వినవాళ్లు కూడా తలలు తిప్పుకున్నారు.

ఆయన వేలికున్న నలుపు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"పోనీ, ఆ ఎడమ మలుపులో స్టీరింగ్ చివరిదాకా లాగకండి. కాస్త ముందునుంచే తిప్పుకుంటూ రండి. అంతేనమ్మా" అని వెళ్లిపోయాడు.

రెండోసారి ఎడమ మలుపు దగ్గర, చెయ్యకూడదనుకుంటూనే, ఆయన చెప్పినట్టు చేసింది. రెండో వరుసకి వచ్చింది.

మూడోసారి ప్రాణం పెట్టి నడిపింది. ఒక్క కోనుకీ తగల్లేదు. చివరి మలుపు దాటి యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కింది.

కారు మూలిగింది. వెంటనే లేవలేదు. లేచేసరికి గీత దాటేసింది.

బోర్డు మీద అదే రెండో వరుస. తేడా అర సెకను కూడా కాదు.

"ఇంతేరా నా చేతనైంది" అంది అక్క, ఖాళీగా ఉన్న పక్కసీటుతో.

పట్టికలో సంతకం చేయడానికి వెళితే, టైములు రాసే ఆవిడ తలెత్తింది.

"అదేంటమ్మా, పదిహేను వేసుకోలేదా?"

"మీకెవరు చెప్పారు?"

"ఆయన పొద్దున్నే వచ్చి తన కారు చక్రాలు విప్పి మీకని పక్కన పెట్టారుగా. ఇవాళ్టి పోటీలో తన పేరు కూడా కొట్టేయించుకున్నారు."

మైదానం చివర ఒక కారు జాకీల మీద నిలబడి ఉంది. పెద్దాయన అటు తిరిగి మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో చక్రం ఎత్తి బిగించుకుంటున్నాడు.

"నేనాయనకి ఏమవుతానని?"

"మీ తమ్ముడు చెప్పలేదా? ఆ పెద్ద చక్రాలు కొన్నాక అతనికే అనుమానం వచ్చింది. ఆస్పత్రి మంచం మీద ఏం తేల్చుకుంటాడు? అందుకని ఈయన తన కారుకి ఒక్కో సైజే వేసి నడిపి చూశారు. వెడల్పువి, సన్నవి, అన్నీ. ప్రతి ఆదివారం టైముల కాగితం ఒక కాపీ అడిగి పట్టుకెళ్లేవారు. చివరికి పదిహేనే సరైనదని తేల్చింది మీ తమ్ముడేనట."

తమ్ముడు కారు మాట ఎత్తినప్పుడల్లా, "నువ్వే నడుపుదువుగానిలే, నోర్ముయ్" అని కసురుకున్నది అక్కే.

ఆదివారం సాయంత్రాలు మాత్రం వాడు, "ఇంటికెళ్లి పడుకో అక్కా, నాకు మనిషి ఉన్నాడు" అని పంపించేసేవాడు. ఎవరా మనిషని ఆమె ఒక్కసారీ అడగలేదు.

"మరి ఆ ముక్క ఆయన నాతో అనొచ్చుగా!"

"వద్దని మాట తీసుకున్నాడట మీవాడు. 'ఎలాగూ మా అక్కే నడుపుతుంది. నా పేరు ఎత్తకండి. ఎత్తితే ఏడుస్తూ నడుపుతుంది, కోన్లు కనపడవు' అన్నాడట."

అక్క కలం కింద పెట్టి మైదానం చివరికి చూసింది.

"ఆఖరాయనట! వీళ్లకేం తెలుసు" అంది ఆవిడ, ఫైల్లో పాత పట్టికలు వెనక్కి తిరగేస్తూ. "నిరుటిదాకా, వరసగా నాలుగేళ్లు, మొదటి పేరు ఆయనదే."