భోజన్న భాగ్యం

“మళ్లీ రెండు వందలు దాటింది,” అంటూ మధుకర్, లక్ష్మీరాజం చేతికి చుట్టిన బీపీ పట్టా విప్పేశాడు. మధుకర్ కంఠేశ్వర్‌లోని ఆ డయాలసిస్ సెంటర్‌లో టెక్నీషియన్. ఒళ్లంతా నీరు పట్టిందనీ, ఇట్లాగే వస్తే ఏదో ఒకరోజు తలలో నరం చిట్లి పడిపోతాడనీ కోప్పడ్డాడు. అంతటితో ఊరుకున్నాడా! పక్క మంచం మనిషిని చూపించి, “భోజన్నను సూసి నేర్సుకోరాదే రాజన్నా. ఎన్నడు సూసినా బీపీ కంట్రోల్‌లనే ఉంటది,” అన్నాడు.

లక్ష్మీరాజానికి ఒళ్లు మండిపోయింది. పొద్దున బోధన్‌లో బస్సెక్కే ముందు లాగించిన రెండు గ్లాసుల చెరుకు రసం సంగతి మాత్రం నోరు విప్పి చెప్పలేదు. చెప్తే ఇంకేమన్నా ఉందా!

భోజన్నది జక్రాన్‌పల్లి. ఇద్దరిదీ ఒకటే జబ్బు, వచ్చేదీ ఒకే రోజుల్లో. తేడా అల్లా ఒక్కటే. లక్ష్మీరాజానికి మూత్రం ఎప్పుడో బందైంది. తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే ఉండి బీపీ పెంచుతుంది. భోజన్నకు ఇంకా వస్తుంది. మిషన్ ఎక్కేముందు దర్జాగా బాత్రూంకు నడుస్తాడు. ఆయన భార్య దేవవ్వ వెంటే వెళ్లి తలుపు పక్క బెంచీ మీద కూర్చుంటుంది. లోకంలో ఎవరైనా ఎదుటివాడి ఇల్లు చూసో, పొలం చూసో కుళ్లుకుంటారు. ఈయన ఒక మనిషి ఒంటికి పోవడం చూసి కుళ్లుకుంటున్నాడు, ఏం చెప్తాం.

ఆ రోజు భోజన్న అట్లా బాత్రూంలోకి వెళ్లగానే లక్ష్మీరాజం ఇక ఆగలేకపోయాడు. బెంచీ దగ్గరికి వెళ్లి, “మీ ఆయనకేంది చెల్లె, ఎన్ని నీళ్లు తాగినా నడుస్తది. మాకు గంత నసీబేది?” అని దెప్పాడు.

“గట్లనకు అన్నా, దిష్టి తగుల్తది,” అంది దేవవ్వ.

ఆ మాటతో ఆయనకు అనుమానం ముదిరింది. వీళ్లు ఏదో నాటు మందు దొరకబట్టారు. భోజన్న లోపల తలుపేసుకుని అదే మింగుతున్నాడు. ఒక్క ముక్క చెప్తే వీళ్ల సొమ్మేం పోయింది, ఇక్కడ తన ప్రాణం పోతుంటే! చేతులు కడుక్కునే నెపంతో లోపలికి దూరాడు. లోగదిలో నీళ్ల ధార చప్పుడవుతోంది. గొళ్లెం సరిగ్గా పడని ఆ తలుపును ఒక్క తోపు తోశాడు.

భోజన్న పంచె మడత కూడా నలగలేదు. నల్లా సన్నగా విప్పి, బకెట్లో ధార పడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

“నీకు వస్తలేదా?” లక్ష్మీరాజం గొంతు తగ్గిపోయింది.

“బందై యాడాదైంది.”

“మరి బీపీ?”

“నోరు కట్టుకుంటున్న. రోజు మొత్తానికి ఒక్క గ్లాసే.”

లక్ష్మీరాజానికి సిగ్గు ముంచుకొచ్చింది. ఏం చెయ్యాలో తోచక నల్లా కట్టెయ్యబోయాడు. భోజన్న గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“బంద్ చెయ్యకు రాజన్నా,” అన్నాడు మెల్లగా. “మా దేవవ్వ బయట కూసొని ఇంటున్నది. గీ సప్పుడు ఇనబడని నాడు తన కిడ్నీ తీసి ఇస్తనని ఒట్టు పెట్టుకున్నది.”